తిమ్మప్ప మామ ఆడని ఆట

మా మేనమామ తిమ్మప్ప మొన్న మంగళవారం ఉదయం గట్టులోని స్వగృహంలో దివంగతుడయ్యాడు. నాగర్‌కర్నూల్‌లో ఉపాధ్యాయుల శిక్షణ తరగతిలో కూర్చుని ఉండగా నా సెల్‌ఫోన్‌కు ఆ పిడుగులాంటి వార్త వచ్చింది. ఫోన్ చేసింది అత్త. మామ పోయాడనీ, వెంటనే బయలుదేరి రమ్మనీ చెప్పి పెట్టేసింది. వనపర్తి, పెబ్బేరు, గద్వాల మీదుగా బస్సులు మారుతూ గట్టు చేరేదాకా నాకు కంట తడి రాలేదు. నేను భాషాపండితుణ్ణి. ఊళ్లో ఎవరు పోయినా సంతాప వాక్యాలు నా చేతే రాయిస్తారు. ఈసారి రాయాల్సింది మా ఇంటి మనిషి గురించే.

మామ నిరక్షరాస్యుడు. ఇరవై ఏళ్ల ప్రాయంలో మట్టిపని ముఠాతో పోయి, ఒక సైనిక స్థావరంలో గోల్ఫ్ మైదానం చదును చేసే పనిలో చేరాడు. ముఠా తిరిగొచ్చింది, మామ రాలేదు. వానకు మొహం వాచిన నేలలో పుట్టినవాడికి ఏడాది పొడుగునా పచ్చగా ఉండే భూమిని విడిచి రాబుద్ధి కాలేదట. ముప్పై ఏళ్లు ఆ గడ్డికి నీళ్లు పట్టాడు, అధికారుల వెంట ఆట కట్టెల సంచులు మోశాడు. బంతి పడే గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి ఉంటుంది. దాని మీదికి ఏనాడూ చెప్పులతో పోలేదు. "కళ్లంలకు చెప్పులతోని పోతమా?" అనేవాడు. దొరలు నవ్వితే నవ్వనీ అని ఊరుకునేవాడు. ఎవరూ లేని వేళ, పారేసిన కట్టెతో ఆట నేర్చాడు. పద్దెనిమిది గుంతలూ వరుసగా, తన పేరు మీద ఒక్కమారు ఆడాలన్నది ఆయన ఏకైక వాంఛ. అంతకు మించి ఆ మనిషి ఈ లోకాన్ని ఏమీ అడగలేదు.

ఆ కోరిక తీరుస్తానన్నది వనపర్తిలో స్థిరపడ్డ ఒక కర్నల్ గారు. కొలువులో ఉండగా మామ ఆయన సంచే ఎక్కువగా మోశాడు. నాలుగేళ్ల కింద భార్యావియోగంతో కుంగిపోయిన కర్నల్ గారు, తాను పనిచేసిన కంటోన్మెంట్లన్నీ జీపులో తిరిగి, ఒక్కొక్క చోట ఒక్కొక్క ఆట ఆడి వద్దామన్నారు. ఆఖరి మజిలీలో మామ అతిథిగా ఆడాలి, సంచి కర్నల్ గారు మోయాలి. అదీ ఒప్పందం. కాగితాలు నింపడానికి ఎవరన్నా కావాలంటే మామ నన్ను ముందుకు తోశాడు. "మా అల్లుడు రాస్తడు సాబు, మస్తు సదివిండు."

ఆ వేసవి సెలవుల్లో సికింద్రాబాదు మొదలు బెల్గాం, పుణె దాకా తిరిగాం. ప్రతి గేటు దగ్గరా ఒక ఫారం. పేరు, ఊరు, హోదా: సభ్యుడా, అతిథా, సంచి మోసేవాడా? మామ పేరు ఎదుట ప్రతిచోటా 'సంచి మోసేవాడు' అనే రాశాను. అప్పటికి అది నిజమే. మామ మాత్రం ఎక్కడికక్కడ మోకాళ్ల మీద కూర్చుని గడ్డి వేళ్లు చూసి, నీళ్లు ఎక్కువయ్యాయని తోటమాలులకు పాఠం చెప్పేవాడు. వాళ్లకు తెలుగు రాదు. అయినా తలలూపేవారు.

ఆఖరి స్థావరం చేరిన పొద్దున మామ ఇస్త్రీ చొక్కా తొడిగి, గద్వాలలో కొన్న తెల్లబూట్లు వేసుకున్నాడు. కర్నల్ గారు కాపలా గదిలో పాత మిత్రునితో మాటల్లో పడ్డారు. ఫారం నా చేతికొచ్చింది. నింపి ఇచ్చేశాను. ఆట మొదలుపెట్టే చోట గుమస్తా ఆ కాగితం చూసి, ఈయన సంచి మోసేవాడు, ఆడకూడదన్నాడు. అతిథి పేరు గేటు దగ్గరే నమోదు కావాలట, ఒకసారి రాసింది ఆ రోజుకు మార్చరట. మర్నాటి నుంచి పోటీల కోసం మైదానం బయటివాళ్లకు మూత. కర్నల్ గారు ఎంత చెప్పినా వినలేదు. అలసటలో చేయి జారిందని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. పచ్చి అబద్ధం. మా మామ ఒకచోట అతిథి కాగలడని నా బుద్ధికి తట్టనే లేదు. చదువుకున్న మూర్ఖుణ్ణి.

కర్నల్ గారు నా మీద మండిపడబోతే మామ అడ్డం వచ్చాడు.

"పిల్లగాన్ని ఏమనకు సాబు. నేను జేసే పనే రాసిండు. అండ్ల తప్పేముంది?"

బూట్లు విప్పి జీపులో పెట్టి, సంచి భుజానికెత్తుకున్నాడు. ఆ రోజు కర్నల్ గారి బంతి ఒక్కటీ సరిగా పడలేదు.

మరుసటి ఏడు మళ్లీ పోదామనుకున్నాం. కర్నల్ గారి మోకాళ్లు చెడ్డాయి. నేను ఇల్లు కట్టే పనిలో పడ్డాను. ఒక్క ఉత్తరం రాసి అనుమతి తెప్పిస్తే తీరే పని. రాయలేదు. మామ ఒక్కనాడూ ఎత్తిపొడవలేదు సరికదా, నేను రాస్తే మిలిటరీ గేట్లే తెరుచుకున్నాయని ఊరంతా గొప్పగా చెప్పుకునేవాడట.

మంగళవారం ఆయన పాదాల దగ్గర కూర్చుని, తప్పు నాదే మామా అన్నాను. నాలుగేళ్లు మింగిన మాట అది. అత్త విన్నది. ఏం తప్పని అడిగితే మామ పాదాల మీది గుడ్డ సర్దాను.

"నీ మీద ఆయినకు తప్పేడుండెరా? మొన్న గూడ, ఎండకాలం సెలవులిస్తే అల్లుడు తోల్కపోతడు, ఈసారి ఆడి వస్త అన్నడు" అన్నది.

అంతటి సహనశీలి, అంతటి క్షమామూర్తి మా వంశంలో మళ్లీ పుట్టడు. ఆయన ఆత్మకు శాంతి కలగాలని ప్రార్థించనక్కరలేదు. నన్ను నమ్ముతూనే ప్రశాంతంగా వెళ్లిపోయాడు. శాంతి లేనిది నాకే.