పులస ముల్లు, నా స్తోత్రం

నా స్తోత్రం ఒక పెద్దమనిషి ప్రాణం మీదికి తెచ్చిందంటే మీరు నమ్మరు. మా చర్చి సంఘంవాళ్ళయితే అసలే నమ్మరు. అయినా చెప్తాను, నవ్వినా పరవాలేదు.

తొంభైల మొదట్లో అమలాపురంలో ఒక భోజన హోటల్లో సర్వరుగా చేరాను. అప్పటికి నేను సండే స్కూలు టీచర్ని, ఉజ్జీవ కూటాలనే ప్రార్థన సభల్లో ముందు వరస మనిషిని. యజమాని వెంకట్రాజు గారు వడ్డన నేర్పుతూ ఒకటే చెప్పేవారు: "ఆకు చూడరా, మొహం చూడకు. ఏం కావాలో ఆకే చెప్తాది."

నేనా, మనుషుల ఆత్మల్ని చూసే రకం! ఆకులొక లెక్కా?

వానాకాలం, గోదావరిలో పులస చేప దొరికే రోజులు. కొత్తపేట నుంచి కొబ్బరి వ్యాపారి సూర్యారావు గారు వచ్చారు. కూతురి పెళ్ళి వంట ఎవరికి అప్పజెప్పాలో రుచి చూసి తేల్చుకుంటారట. రాజు గారు నన్ను పక్కకు లాగారు.

"ఈయన మెచ్చేరంటే మన హోటలు నిలబడతాది, నీ ఉద్యోగమూ నిలబడతాది. తేడా వచ్చిందా, ఇద్దరం కొబ్బరికాయలు ఒలుచుకోవాల."

"ఆయ్, అలాగేనండి."

పులస పులుసు వడ్డించి, నీళ్ళ జగ్గు పట్టుకుని పక్కనే నిలబడ్డాను. ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నారో లేదో, చటుక్కున కళ్ళు మూసుకున్నారు. చెంపల మీద బొటబొటా కన్నీళ్ళు. ఎడమచేత్తో రొమ్ము దబదబా బాదుకున్నారు.

నాకు ఒళ్ళు జలదరించింది. మైకులు పగిలే ప్రసంగాలకు కరగని గుండెల్ని ఎన్నో చూశాను. ఇక్కడ ఒక్క పులుసు ముద్దకే ఆత్మ వెన్నలా కరిగిపోతోంది! ప్రభువు కార్యం అరిటాకులో కూడా జరుగుతుందా!

ఆయన చెయ్యెత్తి ఊపారు. మా కూటాల్లో ఎవరైనా చెయ్యెత్తితే అర్థం ఒకటే: పాపాలు ఒప్పుకుంటున్నారని. జగ్గు దూరంగా పెట్టి, నేనూ రెండు చేతులెత్తాను.

"స్తోత్రం!"

"క్... క్..."

"ఆపకండి బాబూ! ఒప్పేసుకోండి, అన్నీ ఒప్పేసుకోండి!"

ఆయన బల్ల బాదారు. నేను "హల్లెలూయ" అన్నాను. పక్క బల్లాయన కంగారుగా లేచాడు.

"ఏవైందండీ ఆయనకి?"

"మారుమనసండి. కదిలించకండి."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. దేవుడు గోదావరినే ఇచ్చాడు, ఈ సర్వరు గుక్కెడు నీళ్ళివ్వలేదు. ఆయన మొహం పండు మిరపకాయలా ఎర్రబడింది. నా కంటికి అదీ మహిమే!

వంటింట్లోంచి రాజు గారు తుపానులా వచ్చారు. "ఒరే భక్తుడా, ముల్లురా అది! గొంతులో ముల్లు!"

ఉత్త అన్నం ముద్ద చేసి, "నమలకండి, మింగెయ్యండి బాబూ" అంటూ ఆయన నోట్లో పెట్టారు. ముల్లు దిగింది. హోటలంతా ఊపిరి పీల్చుకుంది. నాకు మాత్రం ఊపిరి ఆగింది.

సూర్యారావు గారు మొహం తుడుచుకున్నారు. నీళ్ళు తాగారు. తర్వాత, మీరు నమ్మండి, మిగిలిన పులుసు కలుపుకుని ఆకు మెరిసేలా తిన్నారు! అంతటి విశ్వాసాన్ని నేను మా సంఘంలోనూ చూడలేదు.

"పెళ్ళి వంట మీదేనండి రాజు గారూ. పులస పెట్టండి, ముళ్ళున్నా పర్లేదు. ఈ పాస్టరు గార్ని మాత్రం పందిట్లోకి రానివ్వకండి."

"ఆయ్. ఈణ్ణి కూరలు తరిగే కాడ పడేస్తానండి. అక్కడ ఎవడేడ్చినా ఉల్లిపాయలకేనండి."

కాబట్టి ప్రియ సహోదరులారా, నిండు సంఘం ఎదుట సాక్ష్యం చెప్పినట్టే మీకు మాటిస్తున్నాను: భోజనాల దగ్గర ఎవరు కన్నీరు కార్చినా, ముందు నోరు తెరిపించి చూస్తాను. లోపల ముల్లు లేదని రూఢి అయ్యాకే స్తోత్రం.