సి++కూ జావాకూ పెట్టిన పందెం

2002లో గుండ్లపోచంపల్లి దగ్గరి ఒక గిడ్డంగుల సంస్థలో సిస్టమ్స్ మేనేజరుగా చేరాను. చేరిన వారానికే జనరల్ మేనేజరు ఒక తీర్పు అప్పగించారు. సరుకు రాకపోకల సాఫ్ట్‌వేరుకు సి++, జావా అనే ప్రోగ్రామింగ్ భాషల్లో ఏది వేగమో తేల్చాలి. ఓడిన భాష బృందం డేటా ఎంట్రీకి పోతుంది. రెండు భాషల్లోనూ నా ప్రోగ్రాములు సమానంగా నత్తనడక నడిచేవి గనుక నన్ను తటస్థుడిగా భావించినట్టున్నారు.

సి++ బృందానికి మేడ్చల్ రాజిరెడ్డి, జావాకు అత్వెల్లి సుజాత నాయకులు. ఇద్దరికీ ఒకే పరీక్ష: బస్తాల బరువులు కూడి, తరుగు తీసేసే లెక్కను లక్షలసార్లు చేయడం. యంత్రం ఒకటే. మిగతా ప్రోగ్రాములన్నీ మూసి, నెట్‌వర్క్ తీగ పీకి, పలుమార్లు నడిపి మధ్య విలువ తీసుకున్నాం. జావా నడుస్తూ నడుస్తూ తనను తాను యంత్రభాషలోకి మార్చుకుంటుంది; అందుకని నెమ్మదిగా సాగే దాని తొలి పరుగులను విడిగా రాశాం.

సి++ కాలం దాదాపు సున్నా వచ్చింది.

“నీ జావా చెప్పులు తొడుక్కునేలోపు నాది షామీర్‌పేట పొయ్యొచ్చింది చెల్లే!” అన్నాడు రాజిరెడ్డి.

సుజాత నవ్వలేదు. ఆమె బృందం తలుపు దగ్గరే నిలబడి ఉంది. “ఎవ్వల్ని ఎక్కించుకోకుండ పోతే ఆటో గూడ జల్దీనే పోతది రాజన్నా. సార్, లెక్క పదింతలు జేసి సూడుర్రి.”

మధ్యాహ్నం జనరల్ మేనేజరు రావాలి. నేను కుర్చీలో కూర్చోలేక, వరండాలో నిలవలేక తిరుగుతున్నాను. వేగం కొలిచేవాడికి వేగిరపాటు తగదని తెలిసీ, సి++ గెలిచిందని నివేదికలో మొదటి వాక్యం అప్పటికే టైపు చేసేశాను.

పని పదింతలు చేశాం. జావా కాలం పదింతలైంది. సి++ కాలం కదల్లేదు.

కారణం సి++ కంపైలరు, అంటే మనం రాసినదాన్ని యంత్రభాషలోకి మార్చే సాధనం. వచ్చిన మొత్తాన్ని ప్రోగ్రాము ఎక్కడా వాడటం లేదని గమనించి, ఆ లెక్కనే అది ఎత్తేసింది.

“గిదేంది సార్, నాకంటె గిదే బద్దకంగుంది!” అన్నాడు రాజిరెడ్డి. మోసం చేశాడనుకుంటారేమోనని అతని ముఖం మాత్రం పాలిపోయింది.

మొత్తాన్ని తెరమీద చూపించే నియమం పెట్టి మళ్లీ నడిపాం. సి++ అప్పుడూ గెలిచింది. నేను సుజాత వైపు చూశాను. “ఓడినకాడ ఓడినమనే రాయుర్రి సార్. ఇగ అసలు పని గూడ పెట్టుర్రి,” అంది.

అసలు పనిలో డేటాబేసు నుంచి వివరాలు తెచ్చుకోవాలి. అక్కడ రెండు భాషలూ డిస్కు కోసం పడిగాపులు కాశాయి. తేడా చెప్పుకోదగ్గది కాదు. ముందు టైపు చేసిన వాక్యం చెరిపేసి, మూడు ఫలితాలనూ నివేదికలో పెట్టాను. విజేత పేరు లేనందుకు జనరల్ మేనేజరు విసుక్కున్నారు గానీ, ఏ బృందాన్నీ డేటా ఎంట్రీకి పంపలేదు.

ఆ తర్వాత ఎవరు వేగం అంకెలు తెచ్చినా ముందు పనిని పెంచి చూసేవాణ్ని. పని పెరిగినా కాలం పెరగలేదంటే, అక్కడ పని జరగడం లేదు.