పేటలో ఆన్ అయింది, ఇంట్లో అవలేదు

నేను డిగ్రీ పాసయ్యాను! మా ఇంట్లో ఇంతవరకు పదో తరగతి దాటినవాళ్లు లేరు. మిరపకోతలకు వెళ్లే మా అమ్మ సంతోషం పట్టలేక, పెనుగంచిప్రోలులోని మా ఇంట్లోనే కృతజ్ఞతా కూడిక పెట్టించింది. నందిగామలో చదివేటప్పుడు కొన్న సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్‌కి స్పీకర్లు తగిలించి, చర్చి సంఘం వాళ్ల పెన్‌డ్రైవ్ పెట్టి దేవుడి పాటలు వేశాను. వీధంతా విన్నది.

మర్నాడు మధ్యాహ్నం ఉద్యోగానికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. కంప్యూటర్‌లోనే రావాలి, ఫోన్‌లో కుదరదన్నారు. పొద్దున్నే ఆన్ చేస్తే నల్లటి స్క్రీన్, దాని మీద ఒకే ఒక్క ఇంగ్లీషు ముక్క. విండోస్ కనబడటం లేదట. రాత్రి ఉన్నది తెల్లారేసరికి ఎక్కడికి పోతుంది? డబ్బా మూత విప్పి, హార్డ్ డిస్క్ వైర్లు పీకి మళ్లీ గట్టిగా నొక్కాను. అదే ముక్క.

"దిష్టి తగిలిందేమోనే," అంది అమ్మ.

"పాస్టరు గారు వింటే బాగుంటది ఈ మాట!"

డబ్బా ఆటోలో వేసుకుని ఇద్దరం జగ్గయ్యపేట వెళ్లాం. కంప్యూటర్ షాపాయన వైర్లు తగిలించాడో లేదో, విండోస్ చక్కగా వచ్చేసింది.

"బానే ఉంది కదమ్మా?"

"ఇంట్లో రాలేదండి, ఒట్టు!"

"అయితే రిపేరు మీ ఇంటికి చేయించాలి," అని నవ్వాడు.

ఇంటికొచ్చి ఆన్ చేస్తే మళ్లీ నల్ల స్క్రీన్. కరెంటు తేడా అనుకుని పక్కింటి నుంచి వైరు లాగాను. కీబోర్డు మార్చాను. ఏమీ అర్థం కావడం లేదు. ఇంటర్వ్యూ టైము దగ్గరపడుతోంది. నేల మీద కూలబడితే, డబ్బా వెనక నీలం లైటు మిణుకుమంటూ కనిపించింది. పెన్‌డ్రైవ్!

"అమ్మా, ఇది ఇక్కడే ఉందా?"

"ఆటోలో ఊడిపోద్దని తీసి పర్సులో ఏసుకున్నా. ఇంటికొచ్చాక మళ్లీ పెట్టా."

"ఎందుకే?"

"ఇంటర్వ్యూ ఉంది గదే! దేవుడి పాటలు లోపలుంటే మంచిదని."

లాగేసి ఆన్ చేశాను. విండోస్ వచ్చింది. మా పాత కంప్యూటర్ హార్డ్ డిస్క్ జోలికి పోకుండా, ముందు పెన్‌డ్రైవ్‌లోనే విండోస్ కోసం వెతుకుతోందన్నమాట. అమ్మకి చెప్పాను.

"పాటల్లో ఎతికితే ఏం దొరుకుద్ది దానికి?" అని కంప్యూటర్‌నే తిట్టింది.

ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న అర్థం కాక రెండుసార్లు అడిగించుకున్నాను. తర్వాత నోరు ఆగలేదు. చివర్లో వాళ్లు నవ్వుతూ ఏదో చెప్పారు, నేను థాంక్యూ థాంక్యూ అంటూనే ఉన్నాను. కాల్ కట్టయింది.

"ఏమన్నారే?"

"తీసుకున్నారమ్మా! సోమవారం వచ్చి చేరమన్నారు!"

అమ్మ నన్ను పట్టుకుని ఏడ్చేసింది. కాసేపటికి కళ్లు తుడుచుకుని అడిగింది.

"ఎక్కడికి రమ్మన్నారు?"

వాళ్లు చెప్పే ఉంటారు. నాకు సోమవారం రమ్మన్న మాటొక్కటే వినబడింది.