ఐసు దిమ్మతో మేయ్ పిన్ని ఇంటికి

ఈస్టరుకు ముందు శనివారం, పొద్దు పొడిచే వేళకు గుడివాడలో బందరు పాసింజరు ఎక్కాను. చేతిలో ఒక గుడ్డసంచీ, అందులో మైదాపిండి, అల్లం, మిరియాలు, ఉతికి మడతపెట్టిన నా నర్సు చీర. చంకలో రెండు ఖాళీ గోనెసంచులు. ముందురోజు సెలవు అడగడానికి వెళ్తే మా మేట్రన్‌గారు "పండక్కి ఊరెళ్తున్నావా?" అన్నారు. "పోట్లాటకు వెళ్తున్నానండీ" అన్నాను. ఆవిడ నవ్వారు. నేను నవ్వలేదు.

ఎందుకు వెళ్తున్నానో ముందు చెప్పాలి. మా నాన్న తమ్ముడు దానియేలు బాబాయి మీసాలు రాని వయసులోనే రంగూన్ వెళ్ళి రేవులో పనికి కుదిరాడు. అక్కడి తెలుగు చర్చిలో ఒక చైనా అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడే మేయ్ పిన్ని. బర్మాలో కొత్త ప్రభుత్వం దుకాణాలన్నీ తీసేసుకుని మనవాళ్ళను సాగనంపినప్పుడు ఇద్దరూ ఓడలో మద్రాసు వచ్చి, అక్కడి నుంచి బాబాయి సొంత ఊరు చేరారు. కోడూరు దాటి హంసలదీవి వెళ్ళే దారిలో ఉంది ఆ పల్లె. ఏడాది తిరక్కుండానే బాబాయి జ్వరంతో పోయాడు. పిల్లల్లేరు. ఆ ఊళ్ళో పిన్ని ఒక్కతే మిగిలింది.

క్రిస్మస్ నాడు ఆ ఊరి చర్చి సంఘంలో ప్రేమవిందు పెట్టారు. ఎవరి ఇంట్లో వండింది వాళ్ళు తెచ్చి ఒక్కచోట పెట్టి, అందరూ కలిసి తినడం అక్కడి ఆనవాయితీ. పిన్ని టాంగ్‌బావ్ చేసి తీసుకెళ్ళింది. టాంగ్‌బావ్ అంటే లోపల చారు ఉండే కుడుము. వాళ్ళమ్మ షాంఘై దగ్గరి పల్లె నుంచి రంగూన్ తెచ్చిన వంట. బాబాయికి అదంటే ప్రాణం. బావ్‌ను బావను చేసి "బావగారొచ్చారా" అంటూ పీట వేసుకునేవాడట. ఆ గిన్నె మూత తీసి చూసి, సంఘపెద్ద దాన్ని చర్చి వెనక్కి పట్టుకెళ్ళి కుక్కలకు పోయించాడు. పాము మాంసమో, కప్ప మాంసమో, మన పిల్లలకు పెట్టొద్దన్నాడు.

ఆ సంఘపెద్ద వేరెవరో కాదు, మా పెదనాన్న యేసుదాసు. ఈ సంగతి మా ఆసుపత్రికి కట్టు కట్టించుకోవడానికి వచ్చిన చుట్టమొకాయన నవ్వుతూ చెప్పాడు. ఆయన కట్టు నేను కొంచెం గట్టిగానే కట్టాను.

పిన్నిని గుడివాడ రప్పించుకుందామంటే కుదరదు. చైనా యుద్ధం వచ్చిన దగ్గర్నుంచీ ఆ జాతి వాళ్ళు ఊరు దాటాలంటే పోలీసుల అనుమతి కావాలి. పుట్టింది రంగూన్‌లోనే అయినా కాగితాల్లో ఆవిడ చైనా మనిషి. కనుక నేనే వెళ్ళి, ఈస్టరు విందులో అదే వంట మళ్ళీ పెట్టించి, ఎవరు పారబోస్తారో ఎదురుగా నిలబడి చూడాలనుకున్నాను. మేకకాళ్ళు, కైమా తెప్పించి ఉంచమని పిన్నికి కబురు చేశాను.

ఐసు గొడవ ఎందుకొచ్చిందంటే, కుడుములోకి చారు పోయలేం కదా. కాళ్ళు బాగా మరిగించిన చారును చల్లబెడితే జున్నులా గడ్డకడుతుంది. ఆ గడ్డను తరిగి కైమాలో కలిపి పిండిలో చుడతారు. ఆవిరికి అది లోపల మళ్ళీ చారవుతుంది. క్రిస్మస్ చలికి గిన్నె బయట పెడితే చాలింది. ఎండాకాలంలో ఐసు లేకుండా గడ్డకట్టదు.

కవుతరం, పెడన దాటి రైలు బందరు చేరేసరికి ఎనిమిది కావస్తోంది. స్టేషన్ ఎదురుగా ఇడ్లీ తిని, వెయిటింగ్ రూములో నర్సు చీర కట్టుకున్నాను. రిక్షాలో ఐసు ఫ్యాక్టరీకి వెళ్తే అక్కడ చేపల వ్యాపారుల మధ్య ఆడమనిషిని నేనొక్కదాన్నే. దిమ్మను రంపపుపొట్టులో పొర్లించి, నా గోనెసంచులు ఒకదాని మీద ఒకటి తొడిగి కుట్టించుకున్నాను. ఈ దారిన ఐసు తీసుకెళ్ళేవాళ్ళకు నా సలహా, రంపపుపొట్టు దగ్గర పిసినారితనం చూపొద్దు.

అవనిగడ్డ బస్సు కండక్టరు సంచీ చూసి "టాపు మీద వేయాలమ్మా" అన్నాడు.

"ఎండకు కరిగిపోతుందండీ. మందుల కోసం తీసుకెళ్తున్నాను."

చీర చూశాడు, నమ్మాడు. తన సీటు కింద పెట్టించాడు. అబద్ధం ఆడినందుకు నాకు దిగులేం లేదు. ఆ చీర తెచ్చిందే అందుకు.

చల్లపల్లి దాకా పక్కన ఒక రైతు కూర్చున్నాడు. కాళ్ళకు నీళ్ళు తగిలి కిందికి చూసి, "మీ మందు కారుతోందమ్మా" అన్నాడు. మోపిదేవి దాటి పులిగడ్డ దగ్గర అక్విడెక్టు వంతెన ఎక్కేటప్పటికి ఎండ ముదిరింది. కింద కృష్ణ పాయలో నీళ్ళకంటే ఇసుకే ఎక్కువ ఉంది. మినుము పీకేసిన చేలు అటూ ఇటూ బోడిగా పడున్నాయి.

అవనిగడ్డలో బస్సు మారాను. కోడూరు బస్సులో తెల్లచొక్కా పెద్దమనిషి ఒకాయన, ఎరువుల కొట్టు యజమానినని తనే చెప్పుకున్నాడు. ఎవరింటికని అడిగాడు. చెప్పాను.

"ఆ చైనా ఆవిడ ఇంటికా? చీకటి పడితే సముద్రంలో ఓడలకు దీపం చూపిస్తుందట కదండీ."

"మీరు చూశారా?"

"అందరూ అంటుంటారు."

"మీరు చూశారా అని అడిగానండీ."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. కోడూరు దాకా మళ్ళీ ఇటు తిరగలేదు. నాకు మాత్రం చెవులు కాలుతూనే ఉన్నాయి. ఆవిడ ఇంటికీ సముద్రానికీ మధ్య మడ అడవి ఉంది. దీపం పెడితే చూసేది నక్కలే.

కోడూరులో ఎడ్లబండి మాట్లాడుకుని పల్లె చేరేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. దిమ్మ సగానికి సగం కరిగిపోయింది. పిన్ని గుమ్మంలో నిలబడి ఉంది, సన్నగా, వాయిల్ చీరలో. నన్ను పలకరించకముందే సంచీ మీద చెయ్యి పెట్టి చూసింది.

"ఇంకా ఉంది. లోపలికి రా, అన్నం తిను" అంది.

కాళ్ళ చారు అప్పటికే వడకట్టి ఉంది. నేను తింటుంటే ఐసు పగలగొట్టి, ఉప్పు చల్లి, తొట్టిలో గిన్నె దించి, పైన ఊక కప్పి గోనెపట్టా వేసింది. తర్వాత నాకు పిండి కలపడం చూపించింది. ఉండను ఒత్తేటప్పుడు మధ్యలో మందంగా, అంచుల్లో పల్చగా రావాలి. మూతి దగ్గర కుచ్చిళ్ళలా మడతలు పెట్టి మెలితిప్పాలి. కొంచెం చోటు వదిలినా చారంతా కారిపోతుంది. ఉత్త పిండితో నేను చుట్టినవి చూసి పిన్ని, "నువ్వు కోపంగా మెలితిప్పుతున్నావు, పిండి చిరుగుతోంది" అంది.

"కోపంగానే ఉన్నాను పిన్నీ."

"కోపంగానే ఉండు. పిండి మీద వద్దు."

సాయంత్రం ఎండ తగ్గాక పెదనాన్న ఇంటికి వెళ్ళాను. అరుగు మీద పడకకుర్చీలో ఉన్నాడు. లోపల గోడకు ప్రకాశం అన్నయ్య ఫొటో, మిలిటరీ టోపీతో. పెదనాన్నకు ఒక్కగానొక్క కొడుకు. చైనా యుద్ధంలో, మంచుకొండల్లో చనిపోయాడు. శవం కూడా ఇంటికి రాలేదు. ఆ కబురొచ్చినప్పుడు ఇదే అరుగు మీద నేను పెద్దమ్మను పట్టుకుని ఏడ్చాను. ఆ సంగతి మరిచిపోయి వెళ్ళలేదు.

"ఎప్పుడొచ్చావే" అన్నాడు.

"మధ్యాహ్నం. మేయ్ పిన్ని ఇంట్లో దిగాను. రేపు విందుకు ఆవిడ వంట తెస్తాం పెదనాన్నా. అది మేకమాంసం. నేనే దగ్గరుండి చేయిస్తున్నాను. పారబొయ్యాలంటే నా చేతుల్లోంచి తీసుకుని పారబొయ్యి."

"ఆ మొహం చూస్తే నాకు అన్నం లోపలికి పోదు" అన్నాడు ఆయన.

"ఆవిడ చైనా ఎప్పుడూ చూడలేదు. రంగూన్‌లో పుట్టింది. నీ తమ్ముడి భార్య."

"తెలుసు."

"పాము మాంసం కాదని కూడా తెలుసా?"

"తెలుసు."

తెలియక చేశాడనే ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకున్నాను. "తెలిసీ అంతమంది ముందు ఆ మాట అన్నావా?" అని అడిగాను. పెదనాన్న కళ్ళు మూసుకున్నాడు. పెద్దమ్మ వాకిలి దగ్గరే నిలబడి వింటోంది, బయటికి రాలేదు. నేను మంచినీళ్ళు కూడా తాగకుండా వచ్చేశాను.

ఆదివారం తెల్లవారుజామున చర్చిలో పునరుత్థాన ఆరాధన. పిన్నీ నేనూ వెనక చాప మీద కూర్చున్నాం. మా చుట్టూ జాగా ఖాళీగా ఉంది. మునసబుగారి కోడలు ఒక్కతే వచ్చి "బాగున్నావా వదినా" అని నన్ను పలకరించింది, పిన్నిని కాదు.

ఇంటికొచ్చి తొట్టి మీది పట్టా, ఊక తీశాం. చారు గడ్డకట్టింది, గిన్నె ఊపితే వణుకుతోంది. పిన్ని దాన్ని సన్నగా తరిగింది. కైమాలో అల్లం, ఉల్లికాడలు, మిరియాలపొడితో కలిపింది. నీళ్ళ కుండ మూతికి గుడ్డతో వాసెన కట్టి, దాని మీద అరిటాకు ముక్కలు పరిచి, ఒక్కొక్క ముక్క మీద ఒక్కొక్క కుడుము పెట్టి మూత వేసింది. నావి కొన్ని చిట్లిపోయాయి. ఆవిడవి ఒక్కటీ చిట్లలేదు.

విందు గంట మోగింది. పళ్ళెం తీసి నేను లేచాను.

"కూర్చో" అంది పిన్ని.

"విందుకు వేళయింది."

"నేను అక్కడికి తీసుకెళ్తానని చెప్పలేదు. నువ్వే అనుకున్నావు."

"పిన్నీ, ఐసు మోసుకొచ్చింది అందుకే. వాళ్ళందరి ముందూ పెట్టాలి. వాళ్ళు తినాలి."

"ఎందుకు తినాలి?" ఆవిడ గొంతు పెరగలేదు గానీ మొహం ఎర్రబడింది. "నాకు కోపం లేదనుకున్నావా? అక్కడ గిన్నె పోసేసినప్పుడు కుక్క తింటుంటే అందరూ చూశారు. ఒక్కళ్ళు మాట్లాడలేదు. అలాంటివాళ్ళకు నా చేత్తో మళ్ళీ పెట్టనా? మీ బాబాయి పోయాక ఇది తినడం తెలిసినవాళ్ళు నాతో కూర్చోలేదు. నువ్వొస్తున్నావంటే, నేర్పించి ఇద్దరం తిందామనుకున్నాను. కూర్చో."

కూర్చున్నాను. ఆ పోట్లాట ఆవిడదనీ, నాది కాదనీ అప్పుడుగానీ నా బుర్రకెక్కలేదు. గరిటె లాంటి పెద్ద చెంచాలో కుడుము పెట్టుకుని, పక్కన చిన్న గాటు కొరికి, ముందు చారు జుర్రుకోవాలి. తొందరపడితే నాలుక కాలుతుంది. నాది కాలింది. అల్లం ఘాటు, కాళ్ళ చారు చిక్కదనం, పల్చటి పిండి. అంత రుచైనదాన్ని కుక్కలకు పోయించారని తలుచుకుంటే నాకు ఏడుపొచ్చింది. పిన్ని చూసి, ఇంకొకటి నా పళ్ళెంలో వేసింది.

అప్పుడు దొడ్డివైపు తలుపు దగ్గర అలికిడయింది. పెద్దమ్మ, తలమీద కొంగుతో. పిన్ని లేచి పీట వేసింది. పళ్ళెంలో రెండు పెట్టి ఎలా తినాలో చూపించింది. పెద్దమ్మ తలొంచుకుని రెండూ తింది. చెయ్యి కడుక్కుని, "ఆయన విందులో ఏమీ ముట్టుకోలేదు మార్తమ్మా. ఇంటికొచ్చి పడుకున్నారు. ఒకటి ఇస్తే పట్టుకెళ్తాను" అంది. మార్తమ్మ అంటే పిన్ని బాప్తిస్మం పేరు. ఆ ఊళ్ళో ఆవిడను ఆ పేరుతో పిలవగా నేను వినడం అదే మొదలు.

వాసెన మీద ఇంకా చాలా ఉన్నాయి. పిన్ని వాటి వైపు చూసింది.

"మీకు ఎన్ని కావాలన్నా పెడతాను అక్కా. ఆయనకు పంపను. ఆయన వచ్చి అడగాలి."

పెద్దమ్మ తలూపి వెళ్ళిపోయింది. సాయంత్రం దాకా ఎవరూ రాలేదు. మిగిలినవి మేమే తిన్నాం.

సోమవారం పొద్దున బండిలో ఇద్దరం కోడూరు వచ్చాం. పిన్నికి పోలీసు స్టేషన్‌లో సంతకం పెట్టే పని ఉంది. వరండాలో ఆవిడ బెంచీ మీద కూర్చుంటే, నేను బస్సు ఎక్కాను. అవనిగడ్డలో కాఫీ తాగి, బందరులో మధ్యాహ్నం భోజనం చేసి, సాయంత్రం పాసింజరు అందుకున్నాను. ఎదురుగా ఒక మాస్టారు, భార్యతో మోపిదేవి వెళ్ళి వస్తున్నారట. ఆవిడ నాకు అరటిపండు ఇచ్చింది. దివిసీమ వెళ్ళొచ్చానంటే ఆయన ముచ్చటపడ్డాడు.

"అక్కడి మనుషులు చాలా మంచివాళ్ళండీ. దారి అడిగితే ఇంటికి పిలిచి మజ్జిగ ఇస్తారు."

ఆయన చెప్పింది నిజమే. వెళ్ళాలనుకునేవాళ్ళు నిర్భయంగా వెళ్ళొచ్చు. బండివాళ్ళు మోసం చెయ్యరు, అన్నం వేళకు ఎవరింటి ముందు నిలబడినా విస్తరి వేస్తారు. మా పెదనాన్న కూడా తుఫానులో ఇల్లు కూలినవాళ్ళను నెలల తరబడి తన ఇంట్లో పెట్టుకున్న మనిషి.

"అవునండీ, మంచివాళ్ళే" అన్నాను. "చెడ్డవాళ్ళయితే నాకు ఇంత కోపం వచ్చేది కాదు."

నేను అరటిపండు ఒలుచుకుని తిన్నాను. రైలు పెడన దాటింది.