సారు పేరుతో వెళ్లిన నాలుగు లైన్లు

మా సారు పోయారన్న కబురు నాకు కాలేజీ వాళ్లు చెప్పలేదు. కూరగాయల కొట్టు దగ్గర ఎవరో ఫోను చూపిస్తే, దండ వేసిన ఫొటో కనబడింది. గుంటూరు ఆసుపత్రిలో ఆదివారం గుండె ఆగిందట. 

నరసరావుపేటలో ఆ కాలేజీలోనే ముప్పై ఏళ్లు అటెండరుగా చేశాను. జవాబు పత్రాల కట్టలు మోసి మోసి కుడి భుజం వంగిపోయింది. ఆ కట్టల్లో పిల్లలు ఏం రాస్తున్నారో నీకు తెలుసా అని ఒక్క లెక్చరరూ అడగలేదు. కట్ట అక్కడ పెట్టు, పో, అంతే. ఆ కోపం నాకు ఈనాటికీ పోలేదు. అడిగినవారు మా సారు ఒక్కరే. అదీ నేను రిటైరయ్యాక.

పిల్లలు ఆయన జ్ఞాపకంగా పుస్తకం వేస్తున్నారు, నన్నూ రాయమన్నారు. నేను చదివింది మూడో తరగతి. అక్షరం తప్పితే దిద్దుకోండి. మాట మాత్రం మార్చొద్దు.

ఆయన డిగ్రీ పిల్లలకు వ్యవసాయం చెప్పేవారు. క్లాసు నిండా జనం. అందరికీ మార్కు వేయడానికే పొద్దు చాలదు, ఇంక ఎవరికి ఏం చెబుతారు? అందుకని ఈ మధ్య ఏఐని పట్టుకున్నారు. పేరు తీసేసి జవాబు దానికి ఇస్తే, ఎక్కడ బాగుందో ఎక్కడ పోయిందో నాలుగు లైన్లు రాసిపెట్టేది. ఆయన దాన్ని ఉన్నదున్నట్టు పంపేవారు కాదు. సాయంత్రం లాప్‌టాప్ సంచీ తగిలించుకుని మా వరండాకు వచ్చేవారు. తన కళ్లజోడు ఎప్పుడూ మరిచేవారు. నా జోడు లాక్కుని పెట్టుకునేవారు.

"బాబాయ్, ఇది విను. నీకు అర్థమైతేనే పంపుతా."

ఒకసారి ఒక కుర్రాడి జవాబుకు ఏఐ రాసిన లైను, "మీ ప్రయత్నం ఎంతో అభినందనీయం" అని చదివారు.

"ఏం రాశాడు సారూ వాడు?"

"ఏం రాయలేదు బాబాయ్. ప్రశ్ననే మళ్లీ రాసిచ్చాడు."

"మరి అభినందన ఎందుకు? పెళ్లేమన్నా చేసుకున్నాడా?"

ఆయన నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. ఆ లైను కొట్టేశారు.

నా తప్పూ చెప్పాలి. "విశ్లేషణలో లోతు కొరవడింది" అని చదివినప్పుడు నాకు ముక్క అర్థం కాలేదు. సిగ్గేసి, అర్థమైందన్నాను. ఆ లైను అలాగే పిల్లాడికి వెళ్లిపోయింది. మర్నాడు ఆ జవాబు రాసిన దాచేపల్లి కుర్రాడు వచ్చి, ఇప్పుడు నేనేం చేయాలి సార్ అని నిలబడ్డాడట. సారు నన్ను ఒక్క మాట అనలేదు. "ఇకనుంచి విన్నది నువ్వు నాకు తిరిగి చెప్పాలి బాబాయ్" అన్నారు. "తప్పుందని ఎవడైనా చెబుతాడు. రేప్పొద్దున ఆ పిల్లాడు ఏం చేయాలో చెప్పేవాడే మాస్టారు." అప్పటినుంచి ప్రతిదీ తిరిగి చెప్పాను. నా నోట సరిగ్గా వచ్చేదాకా ఆయన మార్చి రాసేవారు. ఆ కుర్రాడే తర్వాత నాతో అన్నాడు: "తాతా, నా పేపరు మీద ఒట్టి మార్కు కాక, నాకు పనికొచ్చే మాట కనబడటం ఇదే మొదలు."

పోయే ముందు శుక్రవారం ఒక పేపరు చదివారు. నేలలో తడి ఎలా నిలబెట్టాలి అన్నది ప్రశ్న. వెల్దుర్తి వైపు పిల్ల రాసింది. వాన మొహం చాటేస్తే మా నాన్న పత్తి సాళ్ల మధ్య ఎడ్లతో పైమట్టి గీకే గుంటక తోలతాడు, నేల నెర్రెలు మూసుకుని తడి లోపలే ఆగుతుంది అని. దానికి ఏఐ ఏం రాసిందంటే, గుంటక కలుపు తీయడానికి, ఈ జవాబుకు ప్రశ్నతో సంబంధం లేదు అని.

నాకు ఒళ్లు మండింది. "ఆ పిల్ల చెప్పింది నిజం సారూ. మా అయ్య చేసిందీ అదే. దీనికేం తెలుసు, నెర్రెలో కాలు పెట్టిందా?"

సారు ఆ జవాబు మొదటినుంచి మళ్లీ చదివారు. "నువ్వు లేకపోతే పంపేసేవాణ్ణి బాబాయ్. సోమవారం నేనే చేత్తో రాసిస్తా. ఈ క్లాసుకు ఈ పిల్ల చేతే పాఠం చెప్పిస్తా" అన్నారు.

సోమవారానికి ఆయన లేరు. ఆయన లాప్‌టాప్‌లో ఉన్న ఏఐ లైన్లను కాలేజీ ఆఫీసు వాళ్లు సారు పేరుతోనే క్లాసు మొత్తానికీ ఒకేసారి పంపేశారు. ఒక్కటీ చదవలేదు.

మూడో రోజున ఆ పిల్ల సారు ఇంటి ముందు నిలబడి ఉంది. చేతిలో కాగితం.

"తాతా, ఇది సారే రాశారా?"

"కాదమ్మా."

"కింద సారు పేరే ఉంది గదా. మా నాన్నకు చదివి వినిపిస్తే, మీ సారుకి నేను చేసేది తప్పనిపించిందా అన్నాడు. ఇంక నేను కాలేజీకి రాను. మిరపకాయ కోతకు పోతా."

ఏం చెప్పినా నమ్మలేదు. ఆమె దగ్గరున్నది కాగితం, నా దగ్గరున్నది మాట.

ప్రిన్సిపాల్ గారి దగ్గరకు పోయి, ఆ లైన్లు సారు మాట కాదని చెప్పాను.

"ఆయన చేత్తో రాసిందేమన్నా ఉందా?"

"నాతో చెప్పారండీ."

"ఏమయ్యా, నువ్వు చదివిందెంత?"

"మూడో తరగతి. అందుకే సారు నాకు చదివి వినిపించేవారు."

చూద్దాంలే అన్నారు. ఆ మాట ముప్పై ఏళ్లు విన్నాను.

కాబట్టి ఈ పుస్తకంలోనే అడుగుతున్నాను, అందరూ చదువుతారు కనుక. ఆ నాలుగు లైన్ల కింద మా సారు పేరు తీసేయండి. ఆ పిల్ల జవాబును మనిషి చేత చదివించండి. పుస్తకం చేతికొచ్చాక వచ్చే మొదటి శుక్రవారం గడువు. ఆ రోజు పదింటికి ప్రిన్సిపాల్ గారి గది ముందు నేనుంటాను. నా పక్కన ఆ పిల్ల తండ్రి ఉంటాడు, చేలో గుంటక ఆపి, కాళ్లకు నల్లమట్టితో. ఆయనకు మీరేం చెబుతారు?