తాళాలక్క దగ్గరి మారు తాళంచెవులు

యుద్ధం వచ్చాక ఆ పట్నంలో వ్యాపారాలన్నీ పడకేశాయి, ఒక్క తాళాల వ్యాపారం తప్ప. ఇంట్లో దోచుకుపోవడానికి చీపురుపుల్ల కూడా మిగలని వాళ్ళు సైతం, ఆ మిగలనిదాన్నే భద్రంగా లోపల పెట్టి తాళం వేసుకోవాలని తహతహలాడారు. అందువల్ల తాళాలక్కకు ఊపిరి సలపని పని.

ఆవిడ మొగుడు సైన్యంలోకి పోతూ ఆవిడకు మూడు అప్పగించాడు: సందు చివర కొట్టు, పెళ్ళికాని చెల్లెలు, ఒక వృత్తిధర్మం. కొట్టును ఆవిడ నడిపింది. ఆవిడను ఆడపడుచు నడిపింది. ఇక ధర్మం సంగతి. కొట్టు దాటి వెళ్ళే ప్రతి తాళానికీ ఒక మారు తాళంచెవి అరగదీసి మన దగ్గర ఉంచుకోవాలి. "జనం పుట్టిందే తాళంచెవులు పారేసుకోవడానికి. ఏడుస్తూ వచ్చిన రోజున మనం దేవుళ్ళలా కనపడాలి" అని ఆయన సిద్ధాంతం. కొట్టు వెనక గోడకు మేకులు కొట్టిన చెక్కపలక ఒకటి ఉండేది. ఊరి తలుపుల సగం గుట్టు దాని మీద వేలాడుతుండేది. ఆ పలకను చూసినప్పుడల్లా తాళాలక్కకు తాను కూడా కాస్త దేవతనే అనిపించేది. ఆ సంగతి ఆడపడుచుకు చెప్పేది కాదు.

పోరు జరుగుతున్న ఊళ్ళ నుంచి తప్పించుకు వచ్చిన ఆడవాళ్ళ కోసం, మూతపడ్డ కాలేజీ హాస్టల్లో ఆశ్రయం పెట్టారు. రిటైరైన పెద్ద నర్సు దానికి బాధ్యురాలు. ఆవిడ మొదటి రోజే తేల్చి చెప్పేసింది: "మందులు నేనిస్తాను. పెత్తనం మీరు చేసుకోండి. ఎవరికేం జరిగిందో ఎవరూ ఎవర్నీ అడక్కండి." ఆడవాళ్ళు కమిటీ పెట్టుకున్నారు. కమిటీ చేసిన మొట్టమొదటి తీర్మానం తిండి గురించి కాదు, బట్టల గురించి కాదు. ప్రతి గదికీ లోపలి నుంచీ బయటి నుంచీ వేసుకునే తాళం కావాలన్నారు.

అలా తాళాలక్క స్క్రూడ్రైవరు పట్టుకుని ఆ గుమ్మం తొక్కింది. తాళాలు బిగిస్తూ బిగిస్తూనే నీళ్ళ ట్యాంకరు వాడితో పోట్లాడి గెలిచింది. వచ్చిన వాళ్ళలో చాలామందికి అప్పటికింకా నలుగురిలో గొంతు పెగలడం లేదు. తాళాలక్కకు గొంతు పెగలకపోవడమంటే ఏమిటో తెలియదు. ఈ ఒక్క అర్హత మీద ఆవిడను కమిటీ పెద్దను చేశారు.

పదవీ స్వీకారం నాడు ఆవిడ స్టూలెక్కి ఉపన్యసించింది. "ఒక గదికి ఒక్క తాళం. ఒక తాళానికి ఒక్క చెవి. అది మీ చేతిలోనే ఉంటుంది. మీరు తియ్యంది ఆ తలుపు బ్రహ్మదేవుడికి కూడా తెరుచుకోదు!"

చప్పట్లు మోగాయి. మారు తాళంచెవులు ఆ క్షణాన కొట్టులో పలక మీద వరసగా వేలాడుతున్నాయి. ఆవిడ అబద్ధమాడాలని ఆడలేదు. ఆవిడ నోరు ఒక శాఖ, చెయ్యి ఇంకో శాఖ. రెంటికీ మధ్య ఉత్తర ప్రత్యుత్తరాలు లేవు.

పై అంతస్తులో మూలగదిలో ఒక కండక్టరమ్మ ఉండేది. యుద్ధానికి ముందు ఊళ్ళ మధ్య బస్సుల్లో టిక్కెట్లు కొట్టేది. ఆవిడ ఇంటి తలుపు ఒకనాడు బయటి నుంచి తెరుచుకుంది. అంతవరకే చెప్పింది. వచ్చిన కొత్తలో కూర్చునే నిద్రపోయేది. తాళం బిగించాక పడుకుని నిద్రపోయింది. తర్వాత వరండాలోకి వచ్చింది. ఆ తర్వాత మీటింగుల్లోకి వచ్చింది. ఒకరోజు నీళ్ళ క్యూలో తోపులాట జరుగుతుంటే, "ముందుకి జరగండి, లోపల ఖాళీ ఉంది!" అని పాత గొంతుతో ఒక్క కేక పెట్టింది. క్యూ మొత్తం నవ్వింది. నగరపాలక సంస్థ దగ్గరికి వెళ్ళి లేడీ డాక్టరును అడగడానికి, వాంగ్మూలాలు తీసుకునే చోట ఆడపోలీసులే ఉండాలని పట్టుబట్టడానికి ఒక బృందం బయల్దేరుతుంటే, దానికి ఆవిడే ముందు నడవాలని అందరూ అన్నారు.

ఇంతలో ఎక్కడో బాంబు పడి, ఆ అదురుకు మూలగది కిటికీ అద్దం పగిలింది. ఆడవాళ్ళంతా నీళ్ళకు వెళ్ళిన సమయం. తాళాలక్క అటుగా వచ్చి చూసింది. గదిలోకి చలిగాలి కొడుతోంది. పాపం, అనుకుంది. పరుగున కొట్టుకు వెళ్ళి మూలగది తాళంచెవి తెచ్చి తలుపు తీసింది. గాజుపెంకులు ఊడ్చింది, కిటికీకి ప్లాస్టిక్ పట్టా కొట్టింది. పనిలో పనిగా దుప్పటి కూడా మడతపెట్టింది. మళ్ళీ తాళం వేసి, ఎవరి కంటా పడకుండా వెళ్ళిపోయింది. ఉపకారం గుట్టుగా చేస్తే పుణ్యం రెట్టింపని ఆవిడ లెక్క.

సాయంత్రం ఆ పుణ్యానికి కృతజ్ఞత వసూలు చేసుకుందామని వచ్చింది. వరండాలో అడుగుపెట్టేసరికి కండక్టరమ్మ వీధి తలుపు పక్కన గోడకు వీపు ఆనించి కూర్చుని ఉంది. పరుపుచుట్ట ఒళ్ళో ఉంది. చుట్టూ ఆడవాళ్ళు నిలబడ్డారు.

"ఎవరో వచ్చారు. తాళం వేసింది వేసినట్టే ఉంది. కిటికీకి పట్టా కొట్టుంది, దుప్పటి మడతపెట్టుంది" అంది కండక్టరమ్మ. గొంతులో ఏ ఎత్తూ లేదు, పల్లమూ లేదు. "తెల్లారాక వెళ్ళిపోతాను."

"ఎక్కడికి?" అంది పెద్ద నర్సు.

"వంతెన అవతలికి."

వంతెన అవతల యుద్ధం జరుగుతోంది.

తాళాలక్క నోటిదాకా వచ్చిన "నేనే కదమ్మా" అన్న మాట అక్కడే గడ్డకట్టింది. గొంతు పెగలకపోవడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

"ఇంకెవరు? ఈ కాంపౌండులో మగపురుగు గేటు కాసే తాత ఒక్కడే" అన్నారెవరో. తాతను పిలిపించారు. కమిటీ పెద్ద కనుక విచారణకు అధ్యక్షత వహించాల్సింది తాళాలక్కే. వహించింది. స్టూలు మీద కూర్చుని, కళ్ళద్దాలు సర్దుకుని, తాను చేసిన నేరాన్ని గురించి అతణ్ణి గంభీరంగా ప్రశ్నించింది.

"అమ్మా, నేను మెట్లెక్కితే నా మోకాళ్ళ చప్పుడు బజారుకు వినపడుద్ది. ఇవాళ ఎవరికన్నా వినపడిందా? నేను వెళ్ళలేదన్నట్టే కదా" అన్నాడు తాత.

ఎవరూ నవ్వలేదు. గేటు తాళంచెవి అతని దగ్గర ఉండకూడదన్నారు. తాళాలక్క చెయ్యి చాచింది. తాత మొలతాడుకున్న తాళంచెవి విప్పి ఆ చేతిలో పెట్టాడు. "తొందరపడకుండా పొద్దున్న తేలుద్దాం" అని అధ్యక్షులవారు సభను వాయిదా వేశారు. నిజం దొరకని సభలు మాత్రమే వాయిదా పడతాయని లోకం అనుకుంటుంది. నిజాన్ని చీరకొంగున ముడేసుకుని కూడా వాయిదా వేయవచ్చు.

ఇంటికొచ్చి కొట్టులో ముక్కాలిపీట మీద కూలబడింది.

"ఏంటి వదినా, ముఖం అలా పెట్టావ్? తాళంచెవులు అరగదీసే ఆకురాయి మింగావా?" అంది ఆడపడుచు.

తాళాలక్క చెప్పింది. ముందు కిటికీ గురించి చెప్పింది, చలి గురించి చెప్పింది, దుప్పటి ఎంత చక్కగా మడతపెట్టిందో చెప్పింది. చివరికి తాళంచెవి గురించి చెప్పింది.

"మరి మీ అన్నయ్యే కదా, ప్రతి తాళానికీ ఒకటి ఉంచుకోమన్నాడు."

"మా అన్నయ్య మీదికి తొయ్యకు. ఆయన కిరాణాకొట్లకి చెప్పాడు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చినవాళ్ళ పడగ్గదులకి చెప్పలేదు."

"ఇప్పుడు నేనే అని చెబితే నా మాట ఇంకెవరు నమ్ముతారే? కమిటీ కూలిపోదూ? పోనీ, తాతకి ఇంకెక్కడన్నా పని చూపిద్దాం. పెద్దాయన, ఎక్కడున్నా ఒకటే."

"చూపించు. ఆ కండక్టరు పిల్ల వంతెన దాటాక ఆ పిల్లకేం చూపిస్తావ్?"

కమిటీ కూలిపోతుందని తాళాలక్క బెంగపడింది అబద్ధం కాదు. కాకపోతే కమిటీ అన్నప్పుడల్లా కళ్ళ ముందు కనపడింది ఆ స్టూలు.

తెల్లవారి ఆవిడ పలక మీద ఉన్న హాస్టలు తాళంచెవులన్నీ సంచిలో వేసుకుని వెళ్ళింది. కండక్టరమ్మ చెప్పులు వేసుకుని, పరుపుచుట్ట ఒళ్ళో పెట్టుకుని సిద్ధంగా ఉంది. ఆవిడ కదలకముందే తాళాలక్క సంచి నేలమీద బోర్లించింది. చప్పుడుకు గదుల్లోంచి అందరూ వచ్చారు.

"తలుపు తీసింది నేను. మీ అందరి గదులకీ నా దగ్గర ఒక్కో చెవి ఉంది. ఒక్కటే అని చెప్పాను. తాతది ఏ తప్పూ లేదు" అని, కిటికీ సంగతి ఎత్తబోయి ఊరుకుంది.

ఒక ముసలావిడ, "పోనీలే, మంచికే చేసింది" అని సర్దబోయింది.

"మంచికే" అంది కండక్టరమ్మ. "అక్కా, నువ్వు మంచిదానివని నాకు తెలుసు. కానీ నా తలుపు అవతల చెవి తిరుగుతున్నప్పుడు, తిప్పేది మంచి చెయ్యో కాదో లోపలున్న నాకెలా తెలుస్తుంది?"

తాళాలక్క ఖాళీ సంచిని మడతపెట్టింది.

"ఇన్నాళ్ళూ పడుకుని నిద్రపోయాను. ఆ నిద్రంతా నీ మేకు మీద వేలాడిందన్నమాట."

ఎవరి తాళంచెవి వాళ్ళు ఏరుకున్నారు. ఒక పిల్లతల్లి తనది తీసుకుని, తాళాలక్క వైపు చూడకుండా లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది. తాళాలక్క గేటు దగ్గరికి వెళ్ళి తాతకు తాళంచెవి తిరిగిచ్చింది. తాత దాన్ని మొలతాడుకు కట్టుకుంటూ, "పర్లేదమ్మా" అనలేదు. ఆవిడ కాసేపు నిలబడి చూసింది, అంటాడేమోనని.

కమిటీ పెద్ద పదవికి తాళాలక్క రాజీనామా చేయబోయింది. చేయనక్కర లేకుండానే అందరూ కండక్టరమ్మ వైపు తిరిగారు.

"ఉంటావా?" అంది పెద్ద నర్సు.

కండక్టరమ్మ ఒళ్ళోని పరుపుచుట్ట పక్కన పెట్టలేదు. "నా తలుపుకు కొత్త తాళం కావాలి. సీలు తీయని డబ్బాలో కావాలి. నేనే బిగించుకుంటాను. అప్పుడు చూస్తాను."

మధ్యాహ్నం డబ్బా వచ్చింది. కండక్టరమ్మ దాన్ని గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసుకుంది. తాళాలక్క బయట వరండాలో, తలుపుకు ఎడంగా కూర్చుని, ఎలా బిగించాలో చెప్పింది.

"పాతదాని స్క్రూలు ముందు పైవి విప్పు."

"విప్పాను."

"కొత్తది తిన్నగా ఆనించి పట్టుకో."

లోపల స్క్రూ చెక్కను కరకర కోస్తూ దిగుతోంది. అది వంకరగా పోతోందని చప్పుడును బట్టే తెలిసిపోయింది. తాళాలక్క చేతులు దురద పెట్టాయి. వాటిని చంకల్లో పెట్టుకుంది.

"వంకరగా దిగింది కదూ?" అని లోపలి నుంచి అడిగింది కండక్టరమ్మ.

"దిగింది. ఫర్వాలేదు, పట్టుకుంటుంది" అంది తాళాలక్క. ఊళ్ళో సగం తలుపుల పని చేసిన మనిషి జన్మలో ఎన్నడూ అనని మాట అది.

తాళం తిరిగింది. తెరుచుకుంది. మళ్ళీ తిరిగింది. లోపల పరుపు నేలమీద విప్పి పరిచిన చప్పుడైంది.

"రేపు నగరపాలక సంస్థకి వెళ్తున్నాం. వెనక వరసలో ఉండు. నేను చెప్పేదాకా నోరెత్తకు" అంది తలుపు అవతలి గొంతు.

"అలాగే" అంది తాళాలక్క.

"ఇక వెళ్ళు."

ఆవిడ స్క్రూడ్రైవరు కోసం వెతుక్కుంది. అది లోపలే ఉండిపోయింది. అడగకుండా మెట్లు దిగింది.