ఎత్తకూడని ఫోను

మా డ్రిల్లు మాస్టారు మొన్న మంగళవారం పొద్దున్న చనిపోయారు. ఆదివారం కాకపోయినా చర్చి గంట మోగుతుంటే, ఎవరో ముసలివాళ్లు పోయారనుకుని పళ్లు తోముకుంటూనే ఉన్నాను. తమ్ముడు వీధిలోంచి వచ్చి, "అక్కా, మాస్టారు..." అని ఆగిపోయాడు. నోట్లో నురగతో అలాగే నిలబడిపోయాను.

చర్చివాళ్లు ఆయన గురించి రాయమన్నారు. శాంతమూర్తి అని మాత్రం రాయలేను, నోరు మహా చెడ్డది. నర్సీపట్నంలో మా మిషన్ బడిలో ఏళ్ల తరబడి ఈల ఊది ఊది, మాట కూడా ఈలలాగే వచ్చేది. ఐదో తరగతిలో నాకు బ్లడ్ కేన్సర్ వచ్చింది. రెండేళ్లు విశాఖ ఆసుపత్రి చుట్టూ తిరిగి, జుట్టు మళ్లీ మొలిచాక బడికొస్తే టీచర్లందరూ నన్ను గాజుబొమ్మలా కూర్చోబెట్టారు. ఇంట్లోనూ అంతే. నెయ్యి, సున్నుండలు, మంచం. ఈయనొక్కరే గ్రౌండులోంచి కేకేశారు. "ఏటే, రోగం పోయిందంట కదా, ఇంకా ఏటి కూకున్నావు? బేగి రా, నడు!" ఆ రోజు ఆయన్ని ఎంత తిట్టుకున్నానో.

సెల్‌ఫోన్లు వచ్చేనాటికి ఆయన రిటైరయ్యారు. నేను మెయిన్ రోడ్డులో రీచార్జి కొట్లో పొద్దస్తమానం స్టూలు మీద కూర్చుని లావెక్కుతున్నాను. చెకప్‌కి వెళితే డాక్టరుగారు, చిన్నప్పుడు వాడిన మందులకి ముందుముందు గుండె బలహీనపడొచ్చు, రోజూ నడవాలి, బరువు పెరగకూడదు అన్నారు. ఆ మాట మాస్టారికి చెప్పడమే నా పొరపాటు. ఆసుపత్రిలో నాతోపాటు బాగుపడి వచ్చిన గొలుగొండ పిల్లవి, కృష్ణదేవిపేట కుర్రాడివి కూడా నంబర్లు లాక్కుని రూలు పెట్టారు. పొద్దున్న ఐదుంపావుకి ఆయన మిస్డ్ కాల్ ఇస్తారు, లెమ్మని. నడిచొచ్చాక మేమివ్వాలి, నడిచామని.

"రెండు రింగులకి నేనే కట్ సేత్తాను. ఎత్తేరంటే నా బాలెన్సు గోవిందా! ఎత్తకూడదు, తెలిసిందా?"

చర్చి పెద్ద అయ్యుండి గోవిందా అంటారేమిటండీ అంటే, నవ్వు ఆపుకుంటూ కసిరేవారు. ఒక్కోసారి వేలికి బటన్ దొరక్క ఆయన ఫోను మోగుతూనే ఉండేది. అప్పుడు మేమే కట్ చేసేవాళ్లం.

మెసేజిలు కూడా ఇచ్చేవారు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. 'బజ్జీ తిన్నావా?' మా కొట్టు ఎదురుగా బజ్జీల బండి ఉందని ఆయనకు తెలుసు. నోటినిండా బజ్జీ పెట్టుకుని 'లేదండి' అని కొట్టేదాన్ని. వానాకాలంలో మంచం మీంచే మిస్డ్ కాల్ ఇచ్చేదాన్ని. సాయంత్రం కొట్టుకొచ్చి ముందు నా చెప్పుల వైపు చూసేవారు. "బురద లేదేటే?" అనేవారు. దొరికిపోయేదాన్ని.

గొలుగొండ పిల్ల ఒక్కరోజు కూడా నడక మానలేదు. అయినా రోగం తిరగబెట్టి పోయింది. మరుసటి ఏడు కుర్రాడూ పోయాడు. నేను మండిపడి అడిగాను, "ఏటండీ లాభం? నడిసినోళ్లు పోయేరు. దొంగ కాల్స్ ఇచ్చిన నేనున్నాను."

"నడిత్తే రోగం రాదని నేనెప్పుడూ సెప్పలేదే. నాకు తెలిసింది ఈల ఊదడమే. అదే సేసేను," అన్నారు మాస్టారు. మర్నాడు ఐదుంపావుకి నా ఫోను మోగింది.

మంగళవారం కూడా మోగింది. రెండు రింగులకి ఆగలేదు. బటన్ దొరకలేదేమోననుకుని కట్ చేశాను. వెంటనే మళ్లీ మోగింది. "లేస్తున్నానండీ బాబూ," అని విసుక్కుని మళ్లీ కట్ చేసి, దుప్పటి ముసుగేసుకున్నాను.

మాస్టారి భార్యని మేం అమ్మగారనే పిలుస్తాం. ఆవిడ చెల్లెలింటికి వెళ్లారు. ఇంట్లో ఆయనొక్కరే. పాలు పోసే ఆవిడ వచ్చేసరికి వాకిట్లో కుర్చీలో ఒరిగిపోయి ఉన్నారట, ఫోను చేతిలోనే ఉందట. గుండెపోటన్నారు. మా ఇల్లు అక్కడికి రెండు వీధులు. మా తమ్ముడు నడవలోనే పడుకుని ఉన్నాడు, వాడి ఆటో గుమ్మం ముందే ఉంది. ఆటో కోసమే చేశారు. ఇంకెందుకు చేస్తారు?

సమాధుల దొడ్లో అమ్మగారికి చెప్పేశాను. దాచుకోలేకపోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "ఎత్తొద్దని నేర్పింది ఆయనే కదమ్మా," అన్నారు. తిట్టినా బాగుండేది. నేను ఫోనెత్తినా బతికేవారు కాదేమో అని చర్చిలో అందరూ అంటున్నారు. నాకు నమ్మకం లేదు.

ఇవాళ ఐదుంపావుకి ఫోను మోగలేదు. అయినా లేచాను. రాత్రి వాన పడింది. బలిఘట్టం రోడ్డు మలుపుదాకా నడిచాను. ఎందుకో తెలియదు, నడిస్తే ఏదో బాగుపడుతుందన్న ఆశ కూడా లేదు. మలుపులో ఆగి, ఎప్పట్లాగే ఆయన నంబరు నొక్కాను. ఆ ఫోనుకి అమ్మగారు ఇంకా ఛార్జింగు పెడుతూనే ఉన్నారట. ఒక రింగు అయింది. రెండు అయ్యాయి. చెప్పులనిండా బురద. నేను కట్ చెయ్యలేదు. అక్కడ ఫోను మోగుతూనే ఉంది.